షెడ్డుకిచ్చిన బండి, చెడగొట్టి ఇచ్చిన షెడ్డు

(విజయవాడలో మా వాకర్స్ సంఘం నెలవారీ సమావేశంలో ఒక రిటైర్డ్ మోటార్ ఇన్సూరెన్స్ సర్వేయర్ గారు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయిన సభ్యుల కోసం రికార్డింగు విని రాశాం.)

అందరికీ నమస్కారమండీ. కార్యదర్శి గారు నాకు ఫోన్ చేసి ఇరవై నిమిషాలు మాట్లాడితే చాలన్నారు. ఇరవై నిమిషాల్లో ఆపగలిగే సర్వేయరు ఇంకా పుట్టలేదని ఆయనకు తెలియదు పాపం.

ముందు ఒక ప్రశ్న. బండి సర్వీసుకిచ్చి తెచ్చుకున్నాక, ఇచ్చినప్పుడు లేని సొట్టో, గీతో, చప్పుడో కనిపించినవాళ్ళు ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. చూశారా, సగం హాలు ఎత్తింది. దించకండి, దించకండి. ఇప్పుడు ఇంకో ప్రశ్న. దాన్ని ఆ షెడ్డువాళ్ళ చేతే, వాళ్ళ ఖర్చుతో బాగు చేయించుకున్నవాళ్ళు మాత్రం అలాగే ఉంచండి. మిగతావాళ్ళు దించేయండి. రెండు. రెండే చేతులు మిగిలాయి. మిగతా చేతులు ఎందుకు దిగిపోయాయి? ఇవాళ నేను మాట్లాడేది అదొక్కటే.

కంపెనీవాళ్ళు సర్వీస్ సెంటర్ అంటారు, వర్క్‌షాప్ అంటారు. మనకు అలవాటైన మాట షెడ్డు. బండి షెడ్డుకెళ్ళిందంటాం. ఏసీ హాల్లో కూచోబెట్టి కాఫీ ఇచ్చినా అది షెడ్డే, ఆటోనగర్‌లో రేకుల కింద స్టూలు వేసినా షెడ్డే. నేను రెంటినీ షెడ్డనే అంటాను, ఏమీ అనుకోకండి.

నేను 31 ఏళ్ళు దెబ్బతిన్న బండ్లు చూసి బతికినవాణ్ణి. గుద్దుకున్నవి, మునిగినవి, కాలినవి. ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున వెళ్ళి, ఏం పోయింది, ఎందుకు పోయింది, ఎంతవుతుంది అని రాసివ్వడం నా పని. అలాంటి నా బండికే ఇది జరిగింది. ఎలా జరిగిందో దాచుకోకుండా చెబుతాను, ఎందుకంటే అందులో తప్పు నాది కూడా ఉంది.

రెండేళ్ళ కిందటి మాట. మా అమ్మాయి సీమంతం. ఇంటినిండా చుట్టాలు. శనివారం సాయంత్రం బండి తెచ్చుకోవడానికి వెళ్ళాను. ఆయిల్ మార్చారు, ఫిల్టర్లు మార్చారు, బండి కడిగి పెట్టారు. సర్వీస్ అడ్వైజర్ కుర్రాడు కాగితాలు పట్టుకొచ్చాడు. "సార్, ఇక్కడో సంతకం, ఇక్కడో సంతకం. రేపు ఫీడ్‌బ్యాక్ కాల్ వస్తుంది సార్, పదికి పది చెప్పండి." మీకూ అంటారు కదూ ఆ మాట? ఇంటి దగ్గర నుంచి మా ఆవిడ నాలుగోసారి ఫోను. పూలు తెచ్చారా, తెచ్చారా అని. నేను సంతకం పెట్టేశాను. ఆ కాగితంలో ఏముందో తెలుసా? "పని తృప్తికరంగా ఉంది, బండిని మంచి స్థితిలో స్వాధీనం చేసుకున్నాను." 31 ఏళ్ళు ఊరందరికీ చూడకుండా సంతకం పెట్టొద్దని చెప్పినవాణ్ణి. పూల కోసం పెట్టేశాను.

సోమవారం పొద్దున మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ వచ్చి, సార్, మీ బండి కింద నల్లగా ఏదో ఉందన్నాడు. వెళ్ళి చూస్తే అరచెయ్యంత మరక. ఇంజిన్ ఆయిల్. ఫోన్ టార్చి వేసి కిందకి వంగి చూశాను. ఆయిల్ చాంబర్ కింద డ్రైన్ బోల్టు ఉంటుంది, పాత ఆయిల్ దించేది. దాని చుట్టూ తెల్లగా ఏదో పేస్టు పూసి ఉంది. నాకు అర్థమైపోయింది.

మీలో కొందరికి తెలియకపోవచ్చు కాబట్టి చెబుతాను. చాలా బండ్లలో ఆ చాంబర్ అల్యూమినియం, బోల్టు ఉక్కు. మెత్తటి లోహంలో గట్టి లోహం తిరుగుతుంది. చేత్తో తిప్పుకుంటూ వెళ్ళి, చివర్లో కొలిచి బిగించాలి. చిన్న బండ్లలో దానికి సాధారణంగా 30, 40 న్యూటన్ మీటర్ల బిగువు చాలు. చక్రం నట్టుకు అయితే సుమారు 100. ఇప్పుడు షెడ్డులో కుర్రాడి చేతిలో ఏముంటుంది? ఎయిర్ గన్ను. చక్రానికీ అదే, చాంబరుకీ అదే. టర్ర్‌మని ఒక్క నొక్కు నొక్కితే అల్యూమినియంలో మర, అంటే బోల్టును పట్టుకునే గాట్లు, పోతుంది. మర పోయిన బోల్టు తీసి చూడండి, సన్నటి వెండి తీగ స్ప్రింగులాగా చుట్టుకుని ఉంటుంది. అదే ఆ చాంబరు మర. పోయాక ఆ కుర్రాడు ఏం చేయాలి? సూపర్‌వైజరుకు చెప్పాలి. చెబితే జీతంలో కోస్తారేమోనని భయం. పేస్టు పూశాడు, బోల్టు దూర్చాడు, బండి కడిగి పంపించేశాడు.

ఇక్కడ నేను చేసిన మొదటి మంచి పని, బండి స్టార్ట్ చేయకపోవడం. రెండు కిలోమీటర్లే కదా, షెడ్డు దాకా మెల్లగా తీసుకెళ్దాం అనిపిస్తుంది. వద్దండీ. దారిలో ఆ బోల్టు ఊడిపడితే మూడున్నర లీటర్ల ఆయిల్ నిమిషంలో రోడ్డు మీద ఉంటుంది. ఆయిల్ లేని ఇంజిన్ బేరింగులు ఎంతసేపుంటాయి? అప్పుడు షెడ్డువాడు అనే మాట నాకు ముందే తెలుసు. "ఆయిల్ కారుతోందని తెలిసి కూడా మీరే నడిపి ఇంజిన్ పోగొట్టుకున్నారు." చట్టం కూడా ఆ మాట కొంత వింటుంది. తప్పు ఎదుటివాడిదైనా, నష్టం పెరగకుండా చూసుకునే బాధ్యత మనమీద ఉంటుంది. కాబట్టి మరక ఫొటో తీశాను, బోల్టు ఫొటో తీశాను, మీటర్లో కిలోమీటర్ల ఫొటో తీశాను. టోయింగ్ బండి పిలిచాను. బండి కదలకముందే షెడ్డుకు ఈమెయిల్ పంపాను.

సరే, నా కథకు మళ్ళీ వస్తాను. ముందు చట్టం సంగతి, రెండు ముక్కల్లో.

మా నాయనమ్మ ఒక మాట అనేది, ఇల్లడ అని. ఊరెళ్తూ నగల మూట పక్కింట్లో ఇచ్చి వెళ్ళేవారు. నమ్మి అప్పగించిన వస్తువు. షెడ్డుకిచ్చిన బండి కూడా చట్టం దృష్టిలో అలాంటిదే. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోనే ఉంది, 151వ సెక్షన్. తెలివైన మామూలు మనిషి తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో, అప్పగించుకున్నవాడు ఆ వస్తువును అంత జాగ్రత్తగా చూడాలి. డబ్బులు తీసుకుని చేసే పని కాబట్టి వినియోగదారుల చట్టం కూడా వర్తిస్తుంది.

మరి గోడ మీద బోర్డు ఉంటుందే, "వాహనాలు యజమాని బాధ్యతపైనే" అని? బండి తీసుకునేటప్పుడు షెడ్డువాళ్ళు రాసే కాగితం, జాబ్ కార్డు, దాని వెనక చీమ తలకాయలంత అక్షరాల్లో కూడా ఉంటుంది. చాలామంది ఆ బోర్డు చూసే చేతులు దించేస్తారు. 1998లో ఢిల్లీలో ఒకాయన తన మారుతి జెన్ తీసుకుని పెద్ద హోటలుకు వెళ్ళాడు. తాళాలు అక్కడ బండ్లు పార్కింగ్‌లో పెట్టే వాలే కుర్రాడికిచ్చాడు. తిరిగొచ్చేసరికి బండి లేదు, ఎవడో ఎత్తుకుపోయాడు. పార్కింగ్ చీటీ మీద యజమాని బాధ్యత అని రాసి ఉందిగా అంది హోటలు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2019 నవంబరులో తీర్పొచ్చింది. తాళాలు తీసుకున్నాక బండి మీ చేతికొచ్చినట్టే, మీ నిర్లక్ష్యాన్ని ఆ చీటీ కాపాడదు అన్నారు. ఇంకో ముఖ్యమైన సంగతి కూడా అందులో ఉంది. బండి తిరిగి ఇవ్వలేకపోయినా, దెబ్బతిన్న స్థితిలో ఇచ్చినా, అది మా నిర్లక్ష్యం వల్ల కాదని చెప్పుకోవాల్సింది ముందుగా తాళం తీసుకున్నవాడే. అది హోటలు కేసే కావచ్చు. కానీ షెడ్డు కూడా తాళాలు తీసుకునేదే కదా?

అయితే ఈ మాటంతా దేనిమీద నిలబడుతుందో గమనించారా? ఇచ్చినప్పుడు బాగుందని, తీసుకున్నప్పుడు బాగాలేదని మనం చూపించగలగాలి. అక్కడే అన్ని చేతులూ దిగిపోతాయి. చట్టం మన వైపే ఉంది, కాగితం మాత్రం వాళ్ళ వైపుంది. ఆ కాగితం మీద సంతకం ఎవరిది? మనదే.

అందుకని బండి ఇచ్చేటప్పుడు మూడు నిమిషాలు పెట్టండి. ఫోన్ తీసి బండి చుట్టూ ఒక్క వీడియో. నాలుగు మూలలూ, బంపర్ల కింద అంచులు, అద్దాలు, చక్రాల రిమ్ములు. తలుపు తీసి మీటరు, అందులో ఏ హెచ్చరిక లైటూ వెలగడం లేదని, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని, పెట్రోలు ఎంతుందని. డిక్కీలో స్టెప్నీ, జాకీ. షెడ్డు బోర్డు కూడా ఒక్కసారి వీడియోలో పడనివ్వండి. ఆ వీడియో ఎవరికో వాట్సాప్‌లో పంపి, ఫోన్లోంచి తీసేయకండి. వాట్సాప్‌లో వెళ్ళింది నలిగిపోతుంది, తేదీ వివరాలు పోతాయి. ఫోన్లో ఉన్న అసలుదే అసలుది.

జాబ్ కార్డు మీద బండి బొమ్మ ఉంటుంది, చూశారా? ఉన్న గీతలు గుర్తు పెట్టడానికి. తొందరలో వాళ్ళు ఏమీ గుర్తు పెట్టరు. కొందరు తెలివైనవాళ్ళు బొమ్మంతా గీతలు గీసేస్తారు, రేపు ఏది తగిలినా ముందే ఉందనొచ్చని. రెండూ ఒప్పుకోకండి. ఉన్నదే రాయించండి. మీ కాపీ అడిగి తీసుకోండి.

వెనక వరుసలో ఎవరో నవ్వుతున్నారు. ఇంత అనుమానమా అని కాబోలు. అనుమానం కాదండీ. నగలు తాకట్టు పెడితే తూకం వేయించుకోమా?

కిలోమీటర్లు ఎందుకన్నానో ఒక సంగతి చెబితే తెలుస్తుంది. నా దగ్గరకొచ్చిన ఒక కేసు. ముందు బంపర్ పగిలింది, షెడ్డు ఆవరణలో వెనక్కి తీస్తుంటే స్తంభానికి తగిలిందన్నారు. వెనక్కి తీస్తుంటే ముందు బంపరెలా పగులుతుంది? అది వేరే విషయం. ఆ బండి యజమాని నెమ్మదైన మనిషి, పోనీలెండి అనుకున్నాడు. ఇంతలో ఆయన కూతురు ఫోన్లో మెసేజీ చూపించింది. బండి షెడ్డులో ఉన్న రోజున రాత్రి కాజ టోల్‌గేట్ దగ్గర ఫాస్టాగ్‌లో డబ్బు కోసుకుంది. విజయవాడ షెడ్డులో ఉన్న బండి గుంటూరు రోడ్డు మీద కాజ ఎలా దాటింది? అర్ధరాత్రి టెస్ట్ డ్రైవా? ఆ ఒక్క మెసేజీ చూపించాక మేనేజర్ ఇంకేం మాట్లాడలేదు. బంపర్ మార్చి, రంగు వేసి ఇచ్చారు. కాబట్టి బండి షెడ్డులో ఉన్నన్ని రోజులూ ఫాస్టాగ్ మెసేజీలు, చలాన్లు వస్తాయేమో ఒక కన్నేసి ఉంచండి.

ఇక తీసుకునేటప్పుడు. పగటిపూట వెళ్ళండి. రాత్రి ట్యూబ్‌లైట్ల కింద, కడిగి తడిగా ఉన్న బండి మీద గీత కనిపించదు, సొట్ట అసలే కనిపించదు. తుడిపించి చూడండి. ఒక్కసారి వంగి కింద కూడా చూడండి. తలుపుల కింద, పొడుగునా ఇనుప అంచు ఉంటుంది. జాకీ సరైన చోట పెట్టకపోతే ఆ అంచు లోపలికి మడతపడుతుంది. మనం ఎప్పుడూ చూడం. ఏడాది తర్వాత అక్కడ తుప్పు మొదలవుతుంది, అప్పుడు ఎవరిని అడుగుతాం? బానెట్ ఎత్తి ఆయిల్ మూత బిగించి ఉందా, బ్యాటరీ వైర్లు సరిగ్గా ఉన్నాయా చూడండి. ఇంజిన్ మీద ప్రెజర్ వాటర్ కొట్టి ఉంటే కనెక్టర్లలోకి నీళ్ళు పోయి ఇంజిన్ లైటు వెలగొచ్చు, మిస్ కొట్టొచ్చు. స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఉంచండి. చక్రాలు విప్పి బిగించి ఉంటే, వంద కిలోమీటర్లలోపు ఒకసారి నట్లు మళ్ళీ చెక్ చేయించండి.

ఏదైనా కనిపించిందా? అరవకండి. అరిస్తే అక్కడున్న పదిమందీ ఒకటైపోతారు. ఎక్కడ కనిపించిందో అక్కడే, గేటు లోపలే ఫొటో తీయండి. ఆ సంతకం కాగితం మీద మీ చేత్తో రాయండి: ఎడమ వెనక తలుపు మీద కొత్త సొట్ట ఉంది, బండి ఇచ్చినప్పుడు లేదు. అలా రాసి దానికింద సంతకం. రాయనివ్వరా? అక్కడే నిలబడి ఫోన్లోనే ఆ రెండు ముక్కలూ ఈమెయిలో, మెసేజీయో పంపండి. పంపిన టైము అందులో నమోదవుతుంది కదా.

ఇక్కడ ఒక చిక్కుంది. బిల్లు కట్టనంటే బండి ఇవ్వరు. ఇవ్వకపోవడానికి వాళ్ళకు హక్కు కూడా ఉంది, చేసిన పనికి డబ్బు రానిదే వస్తువు ఆపుకోవచ్చని అదే కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ చెబుతుంది. పైగా రోజుకింతని పార్కింగ్ చార్జీ మొదలుపెడతారు. పంతానికి పోయి నెల రోజులు బండి అక్కడ వదిలేసినవాళ్ళను చూశాను. పార్కింగే బిల్లు దాటింది. అందుకని డబ్బు కట్టేయండి. కడుతూ బిల్లు మీద "అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని రాయండి. ఆ రెండు మాటలు చాలు.

తర్వాత వచ్చేది ఒక తీయటి మాట. "ఇన్సూరెన్స్‌లో పెట్టేద్దాం సార్, మీకు పైసా పడదు. ఇంటి గేటుకు తగిలిందని రాయండి చాలు." సర్వేయరుగా ఈ ఇంటి గేట్లను నేను ఎన్ని చూశానో! విజయవాడలో సగం గేట్లు బండ్లను గుద్దుతున్నట్టుంది లెక్క. ఆ మాట వినకండి. మొదటిది, అది అబద్ధం, క్లెయిం ఫారం మీద సంతకం మీది. రెండోది, పైసా పడదన్నది కూడా అబద్ధమే. ఐదేళ్ళు క్లెయిం లేకుండా ఉంటే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో, అంటే మన బండికయ్యే నష్టం కోసం కట్టే భాగంలో, 50 శాతం తగ్గింపు నో క్లెయిం బోనస్‌గా వస్తుంది. ఒక్క క్లెయింతో అది సున్నా. మళ్ళీ 20 నుంచి మొదలు. వాళ్ళ తప్పుకు మీ ఐదేళ్ళ బోనస్ పోయింది. షెడ్లకు వాళ్ళ సొంత మోటార్ ట్రేడ్ పాలసీలుంటాయి, ఇలాంటివాటి కోసమే. మీ పాలసీ మీద పెట్టుకోండి సార్, మీకు లేదా అని మీరే అడగండి. చాలాసార్లు ఆ ప్రశ్నకే ముఖం మారుతుంది.

వరద గురించి చెప్పకుండా ఈ ఊళ్ళో ఎలా ముగిస్తాను? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగింది. సింగ్‌నగర్ వాళ్ళు ఉన్నారా? ఉన్నారు. మీకు చెప్పాల్సిన పనిలేదు. సీట్ల మీదకు నీళ్ళొచ్చిన బండ్లు వరసగా షెడ్లకొచ్చాయి. నిలపడానికి చోటు లేదు, చూడటానికి మనుషులు లేరు. ఆ సమయంలో జరిగే పెద్ద తప్పు ఒకటుంది. ఇంజిన్ సిలిండర్లో నీళ్ళున్నప్పుడు తాళం తిప్పడం. గాలిని పిస్టన్ నొక్కగలదు, నీళ్ళు నొక్కుకోవు. పైకొచ్చిన పిస్టన్ నీటిని గుద్దుకుంటుంది, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ప్లగ్గులు విప్పి, నీళ్ళు బయటకు పోయాకే తిప్పాలి. డీజిల్ అయితే ఇంజెక్టర్లు. ఆయిల్ పాలు కలిపిన టీలా ఉందేమో చూడాలి. ఇదంతా అయ్యాకే స్టార్ట్.

ఇప్పుడు తగాదా. రాడ్ వంగింది. తాళం తిప్పిందెవరు? షెడ్డువాడు, ఇంటి దగ్గర మీరే తిప్పారంటాడు. మీరు, నేను ముట్టుకోలేదంటారు. ఇన్సూరెన్స్ కంపెనీ అటూ ఇటూ చూసి, నీళ్ళలో స్టార్ట్ చేయడం వల్ల వచ్చిన నష్టం మా పాలసీలో రాదు, ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవరు తీసుకున్నారా అంటుంది. లక్షల్లో ఉండే బిల్లు ముగ్గురి మధ్య నిలబడుతుంది. ఇందులో నిజంగా ఎవరిది తప్పో తేల్చలేక నేను రాత్రుళ్ళు నిద్రపోని కేసులున్నాయండీ. కాగితం ఉన్నవాళ్ళు బతికిపోయారు. ఒకావిడ, మునిగిన బండి తాళం కవరులో పెట్టి, అతికించి, దానిమీద "ఇంజిన్ స్టార్ట్ చేయలేదు, చేయవద్దు" అని రాసి, టోయింగ్ కుర్రాడి సంతకం పెట్టించుకుని, ఆ కవరు ఫొటో తీసుకుంది. ఆవిడ లాయరూ కాదు, ఇంజినీరూ కాదు. ఆవిడ ఇంజిన్ షెడ్డు ఖర్చుతోనే బాగైంది.

సరే, మర్యాదగా అడిగితే పని కాలేదనుకోండి. మొదట వర్క్స్ మేనేజరు, ఆ తర్వాత బండి కంపెనీ కస్టమర్ కేర్, అక్కడ ఫిర్యాదు నంబరు తీసుకోండి. 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. కొన్నిసార్లు ఆ ఫోనే పని చేస్తుంది. కాకపోతే నోటీసు. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కదా, స్పీడ్ పోస్టులోనే అందినట్టు రసీదు వచ్చేలా పంపండి. పదిహేను రోజులు గడువు. అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్, మన ఊళ్ళోనే ఉంది.

అక్కడికి వెళ్ళడానికి జనం భయపడతారు. లాయరు కావాలేమో, ఫీజెంతో అని. లాయరు తప్పనిసరి కాదు. 2019 చట్టం 2020 జులైలో అమల్లోకి వచ్చాక ఇంకా తేలికైంది. మీరు ఉండే ఊళ్ళోనే వేయొచ్చు, షెడ్డు హైదరాబాదులో ఉన్నా సరే. ఆన్‌లైన్లో కూడా వేయొచ్చు. ఫీజు మీరు కట్టిన బిల్లును బట్టి. 5 లక్షల దాకా అసలు ఫీజే లేదు. మన సర్వీసు బిల్లు ఎంత? ఎనిమిది వేలు, పది వేలు. కాబట్టి సున్నా. జరిగిన రోజు నుంచి రెండేళ్ళలోపు వేయాలి. ఎదుటివాడు 30 రోజుల్లో జవాబివ్వాలి, మహా అయితే ఇంకో 15 రోజులు. ఆ 45 రోజులు దాటితే ఒక్కరోజు కూడా ఇవ్వడానికి లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో చెప్పింది. చట్టంలో మూడు నెలల్లో, పరీక్షకు పంపాల్సి వస్తే ఐదు నెలల్లో తేల్చాలని ఉంది. ఉంది అన్నాను. మీరు నవ్వుతున్నారు. నేనూ నవ్వుతాను. ఏళ్ళు పడతాయి ఒక్కోసారి. అందుకే కమిషన్ ఉందని తెలిసి, మధ్యలోనే రాజీ కుదుర్చుకోవడం చాలాసార్లు మంచిది.

ట్యాక్సీ నడుపుకునే అబ్బాయి ఒకరు ఇందాక గుమ్మం దగ్గర అడిగారు, వ్యాపారం చేసే బండికి ఈ చట్టం వర్తించదంటారు కదా అని. పొట్టపోసుకోవడానికి సొంతంగా నడుపుకునే బండి అయితే వర్తిస్తుంది. పాతిక బండ్ల ట్రావెల్స్ అయితే వేరే సంగతి.

నష్టపరిహారం అడిగేటప్పుడు ఒక్కటి. బిల్లు చూపించగలిగినదే అడగండి. రిపేరు, టోయింగ్, బండి లేని రోజుల్లో ఆటోలకో, క్యాబులకో అయినది. మనోవేదనకు పది లక్షలని రాస్తారు కొందరు. సొట్టకు పది లక్షల మనోవేదనా? అది చదివిన కమిషన్ సభ్యుడికి మిగతా కాగితం మీద కూడా నమ్మకం పోతుంది.

ఆటోనగర్ సంగతి వేరు. అక్కడ మన మస్తానో, మన సుబ్బారావో, ఇరవై ఏళ్ళుగా మన బండి చూస్తాడు. బిల్లుండదు, జాబ్ కార్డుండదు. చట్టం అతనికీ వర్తిస్తుంది, కానీ నోటీసు పంపి అతని దగ్గర ఏం వసూలు చేస్తాం? నేనైతే పక్కన కూచుని టీ తాగి, ఇదిగో ఇలా అయింది, ఏం చేద్దాం అంటాను. ఆ వీధిలో అతని పేరే అతని ఆస్తి. మళ్ళీ విప్పి సరిచేస్తాడు, లేబరు తీసుకోడు. అయినా మాట అయ్యాక ఒక వాట్సాప్ మెసేజీ పెట్టండి, "గురువారానికి చేసిస్తానన్నావు కదా" అని. అతను సరే అని పంపితే, అదే మన జాబ్ కార్డు.

నా బండి సంగతి మధ్యలో వదిలేశాను. షెడ్డు నుంచి జవాబొచ్చింది. "కింద రాయి తగిలి ఉంటుంది. అయినా మీరు పాత కస్టమరు కాబట్టి లేబర్లో 50 శాతం తగ్గిస్తాం." నేను సంతకం పెట్టేసిన కాగితం కూడా జతచేశారు. సిగ్గేసింది. కానీ ఆ కాగితం ఒక్కటే సాక్ష్యం కాదు కదా. తిరిగి మూడే ప్రశ్నలు రాశాను. రాయి తగిలితే చాంబర్ మీద చిన్న సొట్టయినా లేకుండా లోపలి మర మాత్రమే ఎలా పోయింది? బోల్టు చుట్టూ పేస్టు పూసిందెవరు, రాయా? మీ బిల్లులో ఉన్న కిలోమీటర్లకూ నా మీటరులో ఉన్నవాటికీ తేడా 38, ఈ 38 కిలోమీటర్లలో ఆ బోల్టును ముట్టుకున్నది మీరు కాక ఇంకెవరు? బండిని మీరు విప్పకండి, నా ఎదుటే విప్పండి అని కూడా రాశాను. అది చాలా ముఖ్యం. వాళ్ళను ఒంటరిగా విప్పనిస్తే సాక్ష్యం చెత్తబుట్టలోకి పోతుంది. మీరే ఇంకో మెకానిక్‌తో విప్పించి బాగు చేయించినా అంతే. ఇంకొకరి చేత చూపించండి, రాయించుకోండి, బాగు మాత్రం అప్పుడే చేయించకండి.

నా ఎదుటే విప్పారు. బోల్టుకు ఆ వెండి తీగ చుట్టుకుని ఉంది. ఫోర్‌మన్ ఏమీ అనలేదు. కానీ పక్కనున్న కుర్రాడి మీదకు చెయ్యెత్తాడు. పంతొమ్మిదేళ్ళుంటాయేమో వాడికి. నేను అడ్డుపడ్డాను. వాడికి టార్క్ రెంచి, బిగువు కొలిచి బిగించేది, ఇచ్చారా మీరు ఎప్పుడైనా? షెడ్డు మొత్తానికి ఒక్కటుంది, అది మేనేజర్ గది బీరువాలో ఉంది. వాడి జీతంలో కోయబోమని హామీ ఇస్తేనే నేను రాజీకి ఒప్పుకుంటానన్నాను.

పన్నెండో రోజున కొత్త చాంబర్, కొత్త ఆయిల్, ఫిల్టరు వేసి ఇచ్చారు. ఇంజిన్‌కు ఏడాది గ్యారంటీ కాగితం మీద రాసిచ్చారు. టోయింగ్ డబ్బులు ఇవ్వలేదు. అడగాల్సింది, అలసిపోయి వదిలేశాను. కుర్రాడి జీతం కోశారో లేదో నాకు తెలియదు, కోయలేదని వాడు చెప్పాడు.

చాలామంది ఇప్పుడు ఏ షెడ్డుకు వెళ్తున్నారని అడుగుతారు. అక్కడికేనండీ. మొన్న సర్వీసు అయ్యాక నేను సంతకం పెట్టకుండా బండి కింద వంగి చూస్తుంటే, అడ్వైజరు గోడ గడియారం చూసుకుంటున్నాడు. ఆ కుర్రాడే వచ్చి, మాట్లాడకుండా, చాంబర్ వైపు టార్చి పట్టుకున్నాడు.